డేగమ్మ మళ్ళీ పైకెక్కింది

రేవులో ఆవిడ అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆవిడ డేగమ్మే. ఓడల మీది కంటైనర్లను పట్టి ఒడ్డుకు దించే పెద్ద క్రేన్ నడపడం ఆవిడ పని. పన్నెండంతస్తుల మేడంత ఎత్తున, గాజు నేల ఉన్న చిన్న కేబిన్‌లో కూర్చుని, పాదాల సందులోంచి కిందికి చూస్తూ, పసిపిల్లని పక్కమీద పడుకోబెట్టినంత మెత్తగా కంటైనర్‌ని లారీ మీద దించేది. లారీ డ్రైవర్లు వెనక్కి తిరిగి చూసుకుని, "పెట్టేశారా?" అని అడిగిన సందర్భాలు బోలెడు.

అలాంటి మనిషి ఒకరోజు పొద్దున్నే స్నానాలగదిలో కాలు జారి చీలమండ విరగ్గొట్టుకుంది. కట్టు వేశారు. కట్టు విప్పాక మళ్ళీ ఎముక సరిగా అతకలేదని ఆపరేషన్ చేసి ఇంకో కట్టు వేశారు. నెలల తరబడి మంచమే లోకమైపోయింది. ఆవిడ భర్త స్కూలు వ్యాను నడుపుతాడు. వంటలో చెయ్యి తిరిగినవాడు. పెళ్ళాం మంచాన పడిందన్న బెంగనంతా గరిటెతోనే తీర్చుకున్నాడు. కట్టు విప్పేసరికి కాలు సన్నబడింది, మిగతా మనిషి లావెక్కింది.

అయినా ఆవిడకి అదేమీ పట్టలేదు. ఎప్పుడెప్పుడు డ్యూటీకి పోదామా అని ఒకటే ఆత్రం. డాక్టరు సరేనన్న మర్నాడే బూట్లు వేసుకుని, నడుముకి రక్షణ పట్టీ బిగించుకుని క్రేన్ దగ్గరికి వెళ్ళి నిలబడింది. అది పాత క్రేన్. లిఫ్టు లేదు. నిలువు నిచ్చెనలు, నిచ్చెనకీ నిచ్చెనకీ మధ్య నిలబడ్డానికి ఇనుప అరుగులు. ఆ దారిన ఆవిడ కళ్ళు మూసుకుని ఎక్కగలదు. అలాగే మొదలుపెట్టింది కూడా.

మొదటి అరుగు దాకా బాగానే ఉంది. రెండోదానికి చెమట పట్టింది. మూడోదానికి ఊపిరి అందలేదు. నాలుగో నిచ్చెన సగంలో ఉండగా చేతులు వణకడం మొదలైంది, కాళ్ళు మొద్దుబారాయి, గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. పైకి వెళ్ళలేదు, కిందికి రాలేదు. నిచ్చెనని కావలించుకుని అలా ఉండిపోయింది. కింద పని ఆగిపోయింది. రేవంతా తలలెత్తి చూసింది. చివరికి ఇద్దరు సహాయక సిబ్బంది తాళ్ళు తీసుకుని ఎక్కి, ఆవిణ్ణి కట్టి, మెల్లగా కిందికి దించారు. ఇన్నేళ్ళూ తాను కంటైనర్లని దించిన చోటే తనని ఎవరో దించుతుంటే ఆవిడ కళ్ళు తెరవలేదు.

యార్డు మేనేజరు చెడ్డవాడు కాదు. మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టాడు. కాసేపాగి, "అమ్మా, మీరు మళ్ళీ పైకెక్కాలంటే ఆరు నెలల్లో పది కిలోలు తగ్గి రావాలి. అప్పటిదాకా కింద ఆఫీసులో వైర్‌లెస్ చూసుకోండి," అన్నాడు.

"పది కిలోలెందుకండీ?"

"అంత తగ్గితే కాలు విరక్కముందు మీరున్న బరువుకొస్తారు. అప్పుడు ఎక్కారుగా మరి."

లెక్క సూటిగానే ఉన్నట్టు అనిపించింది. ఆవిడ సరేనంది.

ఆ సాయంత్రమే భర్త బజారుకెళ్ళి బరువు చూసుకునే మిషను కొనుక్కొచ్చాడు. మర్నాటినుంచి పొద్దున్నే ఆవిడ దాని మీద నిలబడ్డం, ఆయన వంగి, కళ్ళద్దాలు సవరించుకుని అంకె చదవడం రివాజైంది. తగ్గితే పెళ్ళికబురు చెప్పినట్టు చదివేవాడు. పెరిగితే గొంతు తగ్గించి, "దీనికి బ్యాటరీ అయిపోవచ్చినట్టుందోయ్," అనేవాడు.

ఇదంతా గుమ్మానికి ఆనుకుని చూస్తూండేది ఆవిడ ఆడపడుచు. భర్తకి అక్క. పెళ్ళి చేసుకోకుండా, బడిలో ఆటల టీచరుగా పనిచేసి రిటైరై, తమ్ముడి దగ్గరే ఉంటోంది. మనిషి చువ్వలా ఉంటుంది, మాట చురకలా ఉంటుంది. వదినా మరదళ్ళిద్దరికీ ఒకే ఇంట్లో ఉండగా పడనిరోజులూ ఉన్నాయి, ఒకే దుప్పటి కప్పుకుని కబుర్లాడుకున్న రోజులూ ఉన్నాయి.

"ఏమే అమ్మాయ్, ఆ రోజు నిచ్చెన మీద నువ్వు ఎందుకు ఆగిపోయావు?" అని ఒకరోజు అడిగింది వదిన.

"బరువెక్కాను కదా వదినా."

"అది సరే. అక్కడ ఏం జరిగింది? ముందు ఏది పోయింది?"

డేగమ్మ ఆలోచించింది. "ఊపిరి. తరవాత చేతుల్లో పట్టు. తరవాత కాళ్ళు. ఆఖర్న ధైర్యం."

"మరి ఈ నాలుగింట్లో ఆ మిషను చెప్పేది ఏది?"

వదిన జవాబు కోసం ఆగలేదు. ఆ సాయంత్రమే మరదల్ని మెట్ల దగ్గరికి లాక్కెళ్ళింది.

వాళ్ళుండేది ఆరంతస్తుల బిల్డింగు. లిఫ్టు ఉంది గానీ వదినగారి దృష్టిలో అది లేనట్టే. మొదటిరోజు రెండో అంతస్తుకే డేగమ్మ గోడకి చేరబడింది. వదిన కసరలేదు. "ఇక్కడిదాకా వచ్చావు. రేపు ఇక్కణ్ణించి నాలుగు మెట్లు," అంది. బడిపిల్లల్ని ఏళ్ళకేళ్ళు పరిగెత్తించిన మనిషి కదా, ఎవర్ని ఎక్కడ తొయ్యాలో, ఎక్కడ ఆపాలో ఆవిడకి తెలుసు. మెట్లయ్యాక డాబా మీద నీళ్ళ ట్యాంకుకున్న ఇనుప నిచ్చెన పట్టుకుని వేలాడమనేది. వేలాడ్డమంటే వేలాడ్డమే, కాళ్ళు గాల్లో. మొదట్లో డేగమ్మ వేళ్ళు పట్టుమని పది లెక్కపెట్టేలోగా జారిపోయేవి. కింద బట్టలారేసుకునే పక్కింటావిడ, "ఏమైందమ్మా మీ ఇంట్లో, అలా వేలాడుతున్నారు," అని కంగారుగా అడిగింది కూడా.

అన్నిటికంటే విచిత్రమైన పని ఇంకోటి పెట్టింది వదిన.

"ఎక్కుతూ మాట్లాడు."

"ఏం మాట్లాడను?"

"నా మీద నీకున్న కోపాలన్నీ చెప్పు. ఇన్నేళ్ళుగా దాచుకునే ఉంటావు. మెట్టు ఎక్కుతూ ఒక్కోటీ చెప్పు. ఊపిరాడక మాట తెగితే అక్కడ ఆగిపో."

డేగమ్మ మొహమాటపడింది. వదిన వదల్లేదు. సరే పొమ్మని, కొత్తకాపురంలో తన చీర ఇస్త్రీ పెట్టెతో కాల్చేసి చెప్పకుండా మడతపెట్టేసిన సంగతితో మొదలుపెట్టింది. చీర రంగు చెప్పేలోపే ఆయాసం వచ్చేసింది. ఒక్క ఫిర్యాదు కూడా పూర్తికాలేదు.

"చూశావా, నా మంచితనం కాదు, నీ ఆయాసం కాపాడింది నన్ను," అని వదిన పైకి నడిచింది.

మొదటి నెల మిషను బాగానే మాట విన్నది. రెండు కిలోలు తగ్గాయి. భర్త మురిసిపోయాడు. ఆ తరవాత మేకు దిగ్గొట్టినట్టు ఆగిపోయింది. మెట్లు ఎక్కుతోంది, వేలాడుతోంది, భర్త గరిటెకి నూనె తగ్గించింది, అయినా అంకె కదలదు. ఒకవారం అరకిలో పైకి కూడా పోయింది. మేనేజరు చెప్పిన గడువు దగ్గరపడుతోంది. ఆఫీసులో కూర్చుని వైర్‌లెస్‌లో, "మూడో నంబరు క్రేన్, లారీ వచ్చింది, చూసుకోండి," అని చెబుతున్నప్పుడల్లా చూపు కిటికీలోంచి పైనున్న కేబిన్ మీదికి పోయేది. ఆవిడ సీట్లో ఇప్పుడు ఇంకెవరో కూర్చున్నారు. కంటైనర్లు లారీల మీద ధన్‌మని పడుతున్నాయి.

ఉండబట్టలేక ఆవిడ ఎవరికీ చెప్పకుండా తిండి మానేసింది. డబ్బా తీసుకెళ్ళేది, ఆఫీసులో ఎవరికో పెట్టేసి ఖాళీగా తెచ్చేది. రాత్రి, "ఆఫీసులో ఏదో తిన్నానండీ, ఆకలిగా లేదు," అనేది. అంతే, అంకె కదిలింది. రోజురోజుకీ కిందికి జారింది. భర్త ఉత్సాహం పట్టలేక కాలెండరు మీద గుండ్రాలు చుట్టడం మొదలుపెట్టాడు. "ఇంకో పదిహేను రోజులు ఇలాగే లాగితే పది కిలోలూ పోయినట్టే," అన్నాడు. డేగమ్మకి కూడా గెలిచానేమో అనిపించింది.

ఆ ఆదివారం సాయంత్రం మెట్లెక్కుతోంది. అప్పటికి ఐదో అంతస్తు దాకా ఆగకుండా వెళ్ళడం అలవాటైన మనిషి, మూడో అంతస్తులో ఒక్కసారిగా ఆగింది. కళ్ళు చీకట్లు కమ్మాయి. చేత్తో మెట్ల పక్క కమ్మీ కోసం తడుముకుంది. పట్టు దొరికింది గాని వేళ్ళు బిగుసుకోలేదు. మెట్టు మీద కూలబడిపోయింది.

వదిన పక్కన కూర్చుని ఆవిడ తలని ఒళ్ళోకి తీసుకుంది. "ఏం తిన్నావు పొద్దుట్నించీ?"

డేగమ్మ మొహం పక్కకి తిప్పుకుంది.

"నిన్న?"

డేగమ్మ కళ్ళలోంచి నీళ్ళు కారాయి. "అంకె తగ్గుతోంది వదినా. పదీ తగ్గితే ఎక్కనిస్తారు."

"ఎక్కనిస్తారు. ఎక్కి ఏం చేస్తావు? మూడో అంతస్తులో పడ్డదానివి పన్నెండంతస్తులు ఎక్కుతావా? మెట్ల మీద కాబట్టి నా ఒళ్ళో పడ్డావు. నిచ్చెన మీదైతే ఎవరొళ్ళో పడేదానివి?" అంది వదిన. గొంతులో ఎప్పుడూ ఉండే చురుకు లేదు. "ఆ మిషనుకి నువ్వు పోగొట్టుకున్నది కొవ్వో, కండో, నీళ్ళో తెలీదే పిచ్చిదానా. ఏది పోయినా సంబరంగా తక్కువే చూపిస్తుంది."

కబురు తెలిసి భర్త పరిగెత్తుకొచ్చాడు. సంగతి విని ఆవిణ్ణి లేవదీసి నడిపించాడు. ఇంటికెళ్ళి మిషను తీసి అటక మీద పెట్టి, గుడ్లు ఉడకబెట్టాడు. పక్కన చేపముక్కలు, కూరలు, పెరుగు. "ఇంక నేను నీ బరువు చదవను. నువ్వు ఎంత తిన్నావో చూస్తాను," అన్నాడు. ఆవిడ తింటుంటే ఎదురుగా కూర్చుని, చిన్నపిల్లని చూసినట్టు చూశాడు.

తిండి కుదురుకున్నాక ఒంట్లో మార్పు వచ్చింది. నడుము దగ్గర పంట్లాం వదులై బెల్టుకి కొత్త బెజ్జం పొడవాల్సి వచ్చింది. అదే సమయంలో చొక్కా భుజాల దగ్గర బిగుసుకుని కుట్టు పుటుక్కుమంది. భర్త, "ఒక చోట తగ్గి ఒక చోట పెరిగావు, నీ లెక్క నాకు తెగడం లేదు," అని తల గోక్కున్నాడు. ఇంకో సంగతి ఆయనే కనిపెట్టాడు. భార్య గురక మానేసింది. మొదటిరోజు ఆ నిశ్శబ్దానికి భయపడి తట్టి లేపి మరీ చూశాడట. నీళ్ళ ట్యాంకు నిచ్చెన పట్టుకుని వేలాడుతూ ఆవిడ ఇప్పుడు పక్కింటావిడతో కూరగాయల ధరలు మాట్లాడుతోంది.

ఒక సాయంత్రం ఆరంతస్తులూ ఆగకుండా ఎక్కింది. ఎక్కుతూనే చీర కాలిన సంగతి, తన చెల్లెలి పెళ్ళిలో వదిన అలిగి కూర్చున్న సంగతి, ఇప్పుడు పైఊళ్ళో చదువుకుంటున్న కొడుక్కి చిన్నప్పుడు తనకి చెప్పకుండా జుట్టు కత్తిరించేసిన సంగతి, ఒక్కోటీ వివరంగా, సాక్ష్యాలతో సహా చెప్పింది. డాబా తలుపు దగ్గరికి వచ్చినా చెప్పాల్సినవి ఇంకా మిగిలిపోయాయి.

వదిన కింద మెట్టు మీద ఆయాసపడుతూ నిలబడింది. "చాలు తల్లీ. ఇంక నువ్వు ఎవరినైనా తిట్టగలవు."

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ వదిన, "ఆ చీర నేనే కాల్చాను. నిజమే," అని ఒప్పేసుకుంది కూడా.

పరీక్ష రోజు వచ్చింది. రేవు ఆస్పత్రిలో డాక్టరమ్మ కొత్తగా వచ్చిన పిల్ల. పక్కన మేనేజరు కూర్చున్నాడు. ముందు తూకం. అంకె చూసి మేనేజరు మొహం వాడిపోయింది. పది కాదు, మొత్తం మీద మూడే తగ్గాయి.

"అమ్మా, ఏమనుకోకండి..." అని మొదలుపెట్టాడు.

"ఒక్క నిమిషం సార్," అంది డాక్టరమ్మ. "ఈవిడ పాత కాగితాలు చూశాను. ఇంకా చూడాల్సినవి ఉన్నాయి. తూకం ఒక్కటే అయితే నేనెందుకు, ఆ తూకం మిషనే సంతకం పెడుతుంది."

రక్తపోటు చూసింది. మందు వేసుకోవాలేమోనని ఇదివరకు అనుమానపడ్డ రక్తపోటు మామూలుకి వచ్చింది. నడుము కొలిచింది. చెక్క మెట్టు ఎక్కించి దించి, ఎక్కించి దించి, నాడి పట్టుకుంది. కాసేపు కూర్చోబెట్టి మళ్ళీ పట్టుకుంది. గుండె అప్పటికే నిమ్మళంగా కొట్టుకుంటోంది. చేతి పట్టు కొలిచే పరికరం ఇచ్చి పిండమంది. డేగమ్మ పిండింది. డాక్టరమ్మ పరికరం వైపు చూసి, "ఇంకోసారి చెయ్యండమ్మా, సరిగా చదివానో లేదో," అంది. మళ్ళీ అంతే వచ్చింది.

"సార్," అంది మేనేజరుతో, "ఒంట్లో కొవ్వు తగ్గి కండ పెరిగితే బరువు పెద్దగా తగ్గదు. ఈవిడకి అదే జరిగింది. గుండె బాగుంది, ఊపిరి బాగుంది, పట్టు బాగుంది. నా వైపునుంచి అభ్యంతరం లేదు."

మేనేజరు కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. "డాక్టరుగారూ, మీరు చెప్పేది అబద్ధమని కాదు. ఆ రోజు ఈవిడ నిచ్చెన మీద ఉండిపోయినప్పుడు కింద నేను నిలబడి ఉన్నాను. చెయ్యి జారితే ఏం చెయ్యాలో నాకు తోచలేదు. ఏదో ఒక హద్దు పెట్టాలని పదికిలోలన్నాను. అదొక్కటే నాకు తెలిసిన కొలత."

డేగమ్మకి ఆయన మీద ఉన్న కాస్త కోపం కూడా కరిగిపోయింది. "సార్, మీకు ఇంకో కొలత ఉంది," అంది. "నిచ్చెన అక్కడే ఉంది. నన్ను ఎక్కనివ్వండి. పై నుంచి తాడు కట్టండి, కావాలంటే వెనక మనిషిని పంపండి. నాలో తేడా కనిపిస్తే మీరే ఆపెయ్యండి. ఎక్కాకే నిర్ణయించండి."

ఆయన డాక్టరమ్మ వైపు చూశాడు. ఆ అమ్మాయి తలూపింది.

మధ్యాహ్నానికల్లా కబురు రేవంతా పాకింది. ఒక ఓడ వచ్చి కట్టేసి ఉంది. లారీలు వరసలో ఉన్నాయి. ఎవరూ చూడ్డానికి రమ్మని పిలవలేదు గాని, క్రేన్ కింద ఏదో ఒక పని పెట్టుకుని అందరూ చేరారు. భర్త వ్యాను బయట ఆపి, గేటు కమ్మీలు పట్టుకుని నిలబడ్డాడు. పక్కన వదిన, చేతులు కట్టుకుని.

పై నుంచి తాడు వదిలారు. పట్టీకి తగిలించుకుంది. మొదటి మెట్టు మీద కాలు పెట్టింది.

మొదటి అరుగు. ఆగలేదు. రెండోది. చెమట పట్టింది, మంచిదే, పట్టనీ అనుకుంది. మూడో అరుగు మీద వదిన నేర్పినట్టు రెండు నిండు ఊపిరులు తీసుకుని మళ్ళీ అందుకుంది. నాలుగో నిచ్చెన సగానికి వచ్చేసరికి అరచేతులు ఆ ఇనుప కమ్మీని గుర్తుపట్టాయి. ఇక్కడే. ఇక్కడే కావలించుకుని ఉండిపోయింది. ఒళ్ళంతా ఒకసారి జలదరించింది. ఆ వెంటనే ఆవిడకి తెలిసింది, వణికింది జ్ఞాపకమే తప్ప చెయ్యి కాదు. చెయ్యి గట్టిగా ఉంది. కాలు గట్టిగా ఉంది. ఊపిరి తన దారిన తాను వస్తోంది, పోతోంది. కాలు తీసి పై మెట్టు మీద వేసింది.

ఆ మెట్టు దాటాక ఇంక ఎక్కుతున్నట్టే లేదు. గాలి పెరిగింది. చొక్కా టపటపలాడింది. అరుగు వెనక అరుగు కిందికి పోయింది. వెనక వస్తున్న సహాయక సిబ్బంది కుర్రవాడే మధ్యలో, "అక్కా, కొంచెం మెల్లగా," అన్నాడు.

కేబిన్ తలుపు తీసింది. కూర్చుంది. గాజు నేల కింద రేవంతా పరుచుకుని ఉంది. నీలిరంగు నీళ్ళు, రంగురంగుల పెట్టెలు, చీమల్లాంటి మనుషులు. వైర్‌లెస్ అందుకుని, ఆయాసం లేని గొంతుతో, "మూడో నంబరు క్రేన్ సిద్ధంగా ఉంది సార్. మీరు ఊఁ అంటే పని మొదలుపెడతాను," అంది.

కింద మేనేజరు ఆశ్చర్యంగా చేతిలోని వైర్‌లెస్ వైపు చూశాడు. మామూలుగా పైకెక్కినవాళ్ళెవరైనా ముందు నీళ్ళు తాగి, కాస్త రొప్పి, అప్పుడు మాట్లాడతారు. ఆయన గొంతు సవరించుకుని, "మొదలుపెట్టండమ్మా," అన్నాడు.

చేతులు మీటల మీద పడ్డాయి. ఇనుప చట్రం ఓడ మీదికి దిగి, పెట్టెని నాలుగు మూలలా పట్టుకుని, లేచింది. గాలికి ఊగబోతే ఊగనివ్వకుండా సర్ది, నీళ్ళ మీదుగా తెచ్చి, లారీ మీదికి దించింది. చప్పుడు కాలేదు. లారీ డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి పైకి చూసి, హారన్ మోగించాడు. వెనకున్న లారీ మోగించింది. దాని వెనకది మోగించింది. వరస చివరిదాకా హారన్లే హారన్లు. గేటు బయట ఒక స్కూలు వ్యాను కూడా గొంతు కలిపింది. వదిన కట్టుకున్న చేతులు విప్పి రెండుచేతులా ముఖం కప్పుకుంది. ఆవిడ ఏడవడం ఆ తమ్ముడు చిన్నప్పటినుంచీ ఎప్పుడూ చూడలేదు.

డేగమ్మ ఆ షిఫ్టంతా పైనే ఉండి ఓడలో సగం ఖాళీ చేసింది. సాయంత్రం దిగివచ్చేసరికి మేనేజరు అక్కడే ఉన్నాడు. "జబ్బుచేసో దెబ్బతగిలో సెలవు మీద వెళ్ళి తిరిగొచ్చినవాళ్ళకి ఇకమీదట తూకం ఒక్కటే చూడం," అన్నాడు. "డాక్టరు పరీక్ష, ఆ తరవాత తాడు కట్టి నిచ్చెన. ఇంకో మాట, మీవారు గేటు దగ్గర అంతా చెప్పారు, ఎవరైనా కోలుకోడానికి ఏం చెయ్యాలో మీ వదినగారు వచ్చి చెబుతారేమో అడిగి చూడండి."

"ఆవిడకి చెప్పడం కంటే తరమడం బాగా వచ్చు సార్," అంది డేగమ్మ.

రేవు బయటికి వచ్చాక ముగ్గురూ వ్యాను ఎక్కారు. దారిపొడుగునా వదిన, నాలుగో నిచ్చెన దగ్గర కుడిచెయ్యి కాస్త ముందుగా వదిలావని తప్పులు పట్టింది. భర్త అద్దంలోంచి వెనక్కి చూస్తూ, నవ్వుతూ బండి నడిపాడు. డేగమ్మకి విపరీతంగా ఆకలేసింది. ఇంటికెళ్ళి కడుపునిండా తిని, మర్నాడు పొద్దున్నే డ్యూటీ ఉందని తొందరగా పడుకుంది.